కాల్‌బాయ్ ఇంటి గంట

అప్పలకొండ మావయ్య రిటైరయ్యేనాటికి ఆయన నెత్తి మీద నల్ల వెంట్రుక ఒక్కటి లేదు. అయినా రైల్వే కాగితాల్లో ఆయన బాయే. కాల్‌బాయ్. ఏ డ్రైవరుకి డ్యూటీ పడితే ఆ డ్రైవరు క్వార్టరుకి సైకిలు మీద వెళ్ళి, తలుపు కొట్టి, పేరు పెట్టి పిలిచి, మనిషిని లేపి రావడం ఆయన ఉద్యోగం. సెల్‌ఫోన్లు రాకముందు బిలాస్‌పూర్ యార్డులో గూడ్సు బండి కదలాలంటే ముందు మావయ్య సైకిలు కదలాలి. ఈ మాట ఆఫీసర్లెవరూ ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే నాకేం? మా నాన్న డ్రైవరు. ఆ పిలుపు వింటూ పెరిగినదాన్ని నేను.

ఆయనకో పట్టుదల ఉండేది. లోపలి నుంచి "ఆఁ, వస్తున్నా" అంటే కదిలేవాడు కాదు. మా అమ్మ వెళ్ళి "లేచారు కొండన్నయ్యా, మొహం కడుక్కుంటున్నారు" అన్నా వినేవాడు కాదు. డ్యూటీ పడిన మనిషే గుమ్మంలోకి వచ్చి నిలబడాలి. వర్షంలో తడుస్తూ కూడా అలాగే నిలబడేవాడు. మా అమ్మకి అది చాదస్తంగా తోచేది. ఒకసారి నేనే అడిగేశాను, అంత నమ్మకం లేదా మావయ్యా మా మీద అని.

"నమ్మకం కాదు పాపా. మనిషి మొహం సూడకుండా ఇచ్చింది కాల్ కాదు. గోడకి సెప్పినట్టు," అన్నాడు.

కొత్తగా చేరిన కాల్‌బాయ్‌లందరికీ ఇదే నూరిపోశాడు. వాళ్ళలో ఎర్రయ్య ఒకడు. మావయ్య మాటంటే వేదం అతనికి. ఈ ఎర్రయ్య గురించి మళ్ళీ చెప్పాలి, అందుకే ఇక్కడే పేరు చెప్పి పెడుతున్నాను.

తర్వాత డ్రైవర్ల చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. డ్యూటీ కబురు ఫోన్‌లోనే రావడం మొదలైంది. మావయ్యని తీసుకెళ్ళి షెడ్డు ఆఫీసులో ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు, ఫైళ్ళు అందించడానికి. ఆ అవమానం ఆయన మర్చిపోలేదు. ఫోన్ అనే వస్తువు మీద పగబట్టాడు. కొడుకు రాకేష్ కొనిచ్చిన ఫోన్‌ని పెట్టె కూడా విప్పకుండా, పోయిన అత్తయ్య చీరల కింద పెట్టి బీరువా మూసేశాడు. పెద్దవాళ్ళ మొండితనం మనకి ముద్దుగానే ఉంటుంది, దాని ఖరీదు తెలిసేదాకా.

రాకేష్ బ్యాంకులో ఆఫీసరు. భార్య ఝాన్సీకి బొగ్గు కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. అర్పా నదికి ఇవతల రాజ్‌కిశోర్ నగర్‌లో ఇల్లు కట్టుకుని తండ్రిని తెచ్చుకున్నారు. మా ఇల్లు సరిగ్గా వాళ్ళ ఎదురుగా. నేనిక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. రాకేష్ చెడ్డవాడు కాదు. తండ్రి మందులు మరిచిపోడు, పళ్ళు కట్టించాడు, గదికి కూలర్ పెట్టించాడు. తండ్రి చెప్పే మాట చివరిదాకా వినే ఓపిక ఒక్కటే లేదు. అది లేనివాళ్ళు ఊరంతా ఉన్నారు కాబట్టి దాన్ని ఎవరూ తప్పు కింద లెక్కపెట్టరు.

మావయ్య ప్రాణమంతా లాల్‌ఖదాన్‌లో ఉండేది. అక్కడ రైలు పట్టాల దగ్గర చిన్న ఇంట్లో నూకరాజు అనే రిటైరైన డ్రైవరు ఉండేవాడు. ఇద్దరివీ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు, ఒకే ఏడు రైల్వేలో చేరారు. ఆదివారం వస్తే మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆటో ఎక్కి అక్కడికి పోవాల్సిందే. ఇద్దరూ మంచం మీద కూర్చుని పోయే బండ్లని చూస్తూ, ఇప్పటి డ్రైవర్లని తిట్టుకునేవారు.

నూకరాజుకి మొద్దునిద్ర. సర్వీసులో ఉండగా పెళ్ళాం నీళ్ళు చల్లినా లేవనివాడు మావయ్య పిలిస్తే లేచి కూర్చునేవాడట. మంచాన పడ్డాక, పోయిన చలికాలంలో అనుకుంటాను, మావయ్యని పక్కన కూర్చోబెట్టుకుని ఒక మాట అడిగాడు. ఆ రోజు నేనే స్కూటీ మీద మావయ్యని దింపడానికి వెళ్ళాను కాబట్టి నా చెవులతో విన్నాను.

"ఒరే కొండా. సర్వీసంతా నన్ను లేపింది నువ్వే. రేపు దింపుడు కళ్ళం కాడ కూడా నువ్వే పిలవాలి. నువ్వు పిలిచినా లేవలేదనుకో, ఇంక లేవనని రూఢి. అప్పుడు తగలెట్టీమను."

శ్మశానానికి తీసుకెళ్ళే దారిలో పాడెను ఒకచోట కిందికి దించి, అయినవాళ్ళు చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు మాలో. ఎక్కడైనా కొస ప్రాణం మిగిలి ఉంటే లేస్తాడేమోనని ఆఖరి ఆశ. అదే దింపుడు కళ్ళం. నూకరాజు కొడుకు అక్కడే నిలబడి ఉన్నాడు. "అలాగే అంకుల్, ఆప్ హీ బులానా, మీరే పిలవండి," అన్నాడు. మావయ్య నవ్వలేదు, ఛీ అవేం మాటలని కసరలేదు. డ్యూటీ పడ్డ మనిషిలా తల ఊపాడు.

ఆ తర్వాత ఆయనకి గొంతు బెంగ పట్టుకుంది. కట్టుడు పళ్ళతో పిలుపు సరిగ్గా రావడం లేదని పెరట్లో నిలబడి సాధన చేసేవాడు. సాయంత్రం నేను మేడ మీద బట్టలు తీస్తుంటే వినిపించేది. "నూకరాజూ... డూటీ." ఝాన్సీ కంగారుపడి నన్ను అడిగింది, మామగారికి మతి గానీ తప్పుతోందా అని. మీ అందరికన్నా ఆయన మతే సరిగ్గా ఉందమ్మా అన్నాను. ఆ పిల్ల నొచ్చుకుంది.

వేసవి మొదట్లో మా వీధి చివరింట్లో దొంగలు పడ్డారు. అంతే, వారం తిరక్కుండా రాకేష్ వీడియో డోర్‌బెల్ తెప్పించాడు. డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని వచ్చిన కుర్రాడు గేటు స్తంభానికి ఉన్న పాత పిచ్చుక కూత బెల్లు పీకేసి, అగ్గిపెట్టెలు రెండు అతికించినంత నల్లటి డబ్బా బిగించాడు. దానికో కన్ను, కన్ను కింద బటన్, అడుగున సన్నటి కన్నాలు. గేటు ముందు ఎవరు నిలబడ్డా రాకేష్ ఫోన్‌లో బొమ్మ పడుతుంది. బ్యాంకులో కూర్చుని వచ్చినవాడితో మాట్లాడొచ్చు. మావయ్య చేతులు వెనక్కి కట్టుకుని తతంగమంతా చూశాడు.

"ఇది మనిషిని లేపుతాదేటి?" అని అడిగాడు ఆ కుర్రాణ్ణి.

కుర్రాడికి తెలుగు రాదు. నేనే హిందీలో చెప్పాను. వాడు నవ్వి, "నహీ దాదాజీ, యే సబ్ కో దేఖేగా," అన్నాడు. ఇది అందరినీ చూస్తుందట.

"సూస్తే ఏటి లాభం," అని మావయ్య లోపలికి పోయాడు.

దాంతోపాటు ఇంట్లో మోగే గంట కూడా ఒకటి వచ్చింది. మా వీధిలో ఆవులు ఎక్కువ. ఆవు తల ఊపుతూ పోయినా ఆ గంట మోగేది, గాలికి చెట్టు కొమ్మ కదిలినా మోగేది. ఝాన్సీకి తలనొప్పి వచ్చి దాన్ని ప్లగ్గులోంచి తీసేసి సొరుగులో పడేసింది. ఇక ఎవరు బటన్ నొక్కినా ఇంట్లో చప్పుడుండదు, రాకేష్ ఫోన్ ఒక్కటే మోగుతుంది. ఫోన్ మరీ మోగుతుంటే బ్యాంకులో పెద్దవాళ్ళు మొహం చిట్లిస్తున్నారని రాకేష్ ఇంకో ఏర్పాటు చేశాడు. తన గొంతుతో ఒక మాట రికార్డు చేసి పెట్టాడు. ఎవరు బటన్ నొక్కినా అదే పలుకుతుంది. "ఇస్ వక్త్ ఘర్ మే కోయీ నహీ హై. బీప్ కే బాద్ అప్నా సందేశ్ బోలియే." ఇంట్లో ఎవరూ లేరు, బీప్ తర్వాత మీ కబురు చెప్పండి అని.

"దొంగల కోసం పెట్టిన గంట దొంగలకి ఇంట్లో ఎవరూ లేరని చెబుతోందేమిట్రా," అన్నాను నేను.

"చందా వాళ్ళని భగాయించడానికి దీదీ. నాన్న ప్రతివాడికీ గేటు తీసి, కూర్చోబెట్టి నీళ్ళిస్తారు. సేఫ్ కాదు కదా," అన్నాడు.

"ఇంట్లో మీ నాన్న ఉన్నాడు కదరా."

"నాన్న ఉన్నారులే. వాళ్ళకెందుకు ఆ సంగతి?"

మే నెలలో నూకరాజుని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంటికి తీసుకుపొమ్మంటే ఏమిటో అందరికీ తెలుసు. మావయ్య లాల్‌ఖదాన్ పోతానన్నాడు. బయట వడగాలి రోడ్డు మీద తారుని కరిగిస్తోంది. ఎండలు తగ్గేదాకా గడప దాటొద్దని రాకేష్ ఖరాఖండిగా చెప్పాడు. మావయ్య వాదించలేదు. కుర్చీ తెచ్చుకుని గేటు దగ్గర, గోడ నీడ ఉన్న కాస్త జాగాలో కూర్చున్నాడు. కబురు తెచ్చేవాడు ఇక్కడికే రావాలి కదా అన్నాడు నాతో. నేను స్కూలు పేపర్లు దిద్దడానికి పోతూ, నీళ్ళ సీసా ఆయన పక్కన పెట్టి వెళ్ళాను.

నీడ ఎంతసేపుంటుంది? పది దాటేసరికి ఎండ ఆయన ఒళ్ళోకి వచ్చింది. అప్పుడు స్తంభం మీది డబ్బా మాట్లాడింది. ఇదంతా వాళ్ళింటి పనిమనిషి తర్వాత నాకు చెప్పింది, అంతకుముందు రోజు కూడా ఇలాగే మాట్లాడిందట.

"నాన్నా, ఏం చేస్తున్నారు అక్కడ? అందర్ జాయియే. లూ తగుల్తుంది, వడదెబ్బ."

"కబురొస్తాదిరా," అన్నాడు మావయ్య డబ్బా వైపు చూసి.

"వస్తే ముందు నాకే తెలుస్తుంది కదా నాన్నా, కెమెరా ఉంది. నేను ఝాన్సీకి చెప్తాను, పక్కింటివాళ్ళకి చెప్తాను, ఎవరో ఒకరు మిమ్మల్ని తీసుకెళ్తారు. పక్కా. మీరు లోపలికెళ్ళి కూలర్ వేసుకోండి."

పక్కా అన్నాడు. కొడుకు అంత గట్టిగా చెప్పాక ఏ తండ్రి కాదంటాడు? కుర్చీ తీసుకుని లోపలికి పోయాడు. ఆయన గది ఇంటి వెనక. కూలర్ మొదలైతే ఆ గదిలో గూడ్సు బండి పోతున్నట్టే ఉంటుంది.

రెండు రోజుల తర్వాత పొద్దున్న నూకరాజు పోయాడు. మిట్టమధ్యాహ్నం ఎర్రయ్య వచ్చాడు.

ఆ సంగతి ఆ పూట మా ఎవరికీ తెలియదు. నేను స్కూల్లో ఉన్నాను. సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే బుధవారీ బజార్ నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. నూకరాజుని తీసుకెళ్ళిపోయారట, దహనం కూడా అయిపోయిందట, మీ మావయ్య రాలేదేమిటని అందరూ అడిగారట. తడి కాళ్ళతోనే రోడ్డు దాటి పరుగెత్తాను. రాకేష్ అప్పుడే బ్యాంకు నుంచి వచ్చి సోఫాలో కూర్చుని, ఆ రోజు గేటు ముందుకి ఎవరెవరు వచ్చారో ఫోన్‌లో తిప్పుతున్నాడు. ఆవు, కొరియర్, ఆవు, మళ్ళీ ఆవు. పక్కన మావయ్య టీ తాగుతున్నాడు.

"ఈయన ఎవరు నాన్నా? మీవాళ్ళలాగే ఉన్నాడు," అని రాకేష్ ఫోన్ ఆయన ముందు పెట్టాడు.

చెప్పబోయిన మాట మాని, నేనూ వంగి చూశాను. తెర మీద ఎర్రయ్య నిలబడి ఉన్నాడు. మండే రోడ్డు మీద కాళ్ళకి చెప్పుల్లేవు. ఒక కాలు ఎత్తి ఇంకో కాలు దించుతున్నాడు. చావు కబురు తెచ్చే మనిషి చెప్పులు వేసుకోడు, గేటు లోపలికి రాడు, మంచినీళ్ళు కూడా అడగడు. మా పాత క్వార్టర్లలో ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు. రాకేష్‌కి తెలియదు.

మావయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయనకి ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

తెర మీద ఎర్రయ్య బటన్ నొక్కాడు. ఇంట్లో ఎవరూ లేరని రాకేష్ గొంతు పలికింది. బీప్ మోగింది. ఎర్రయ్య నోరు తెరిచి ముందుకి వంగాడు, ఆ నల్లటి కన్నులోకి చూశాడు, నోరు మూసేశాడు. గేటు మీద చేత్తో కొట్టి కాసేపు చూశాడు. తర్వాత తువ్వాలు తల మీద వేసుకుని వెళ్ళిపోయాడు. అక్కడితో బొమ్మ ఆగిపోయింది.

"మీటింగ్‌లో ఉన్నాను," అన్నాడు రాకేష్. తర్వాత, "బీప్ వచ్చింది కదా. ఆయన చెప్పొచ్చు కదా నాన్నా. ఒక్క మాట," అన్నాడు.

"సెప్పడు. మొహం సూడకుండా సెప్పొద్దని నేర్పింది నేనే," అన్నాడు మావయ్య.

ఝాన్సీ ఏడ్చింది. రాకేష్ కారు తీస్తాను పదండి అన్నాడు. ఇప్పుడెందుకురా అని మావయ్య తన గదిలోకి పోయి కూలర్ ఆపేశాడు. ఆ ఉక్కలో అలాగే కూర్చున్నాడు. నాకు రాకేష్‌ని చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టి ఏం చేస్తాను? వాడి మొహం అప్పటికే పాలిపోయి ఉంది.

మర్నాడు పొద్దున్న నేను స్కూలుకి సెలవు పెట్టి మావయ్యని స్కూటీ మీద లాల్‌ఖదాన్ తీసుకెళ్ళాను. నూకరాజు మంచం గోడకి నిలబెట్టి ఉంది. ఎర్రయ్య ఎదురొచ్చి మావయ్య చేతులు పట్టుకున్నాడు.

"ఇంట్లో ఎవరూ లేరంది కదన్నా, అది మీ రాకేషు గొంతే. నువ్వు ముందే తెలిసి బయలుదేరీసావనుకున్నాను. ఇక్కడికొచ్చి సూస్తే లేవు. దారిలో ఎండకి ఎక్కడైనా ఆగావేమో అనుకున్నాం. కళ్ళం కాడ పాడె దించి శానాసేపు సూశామన్నా. రోడ్డుకేసే సూశాం."

"పిలిచింది ఎవరు?"

ఎర్రయ్య తల దించుకున్నాడు. "కొడుకు పిలిచాడు."

"పేరెట్టి పిలిచాడా?"

"ఈ కాలం గుంటడు కదన్నా. నాన్నని పాపా, పాపా అన్నాడు. ఏడిసీసాడు పాపం, ఇంక గొంతు రాలేదు."

అంటే నూకరాజుని పేరు పెట్టి ఎవరూ పిలవలేదు. ఆ మొద్దునిద్ర మనిషి చెవిలో తన పేరు వినకుండానే కాలిపోయాడు. లేచేవాడని నేననను, నేను లెక్కల టీచర్ని. మావయ్య ఆ నిలబెట్టిన మంచం పట్టెని కాసేపు చేత్తో తడిమాడు. నూకరాజు కొడుకు తెచ్చిన నీళ్ళు తాగలేదు.

తిరిగి వచ్చేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. రాకేష్, ఝాన్సీ ఆఫీసులకి పోయారు. మావయ్య దగ్గరున్న తాళంచెవి తీసుకుని నేను గేటు తాళం తీయబోతుంటే, ఆయన స్తంభం దగ్గర ఆగాడు.

"ఈ కన్నాల్లోంచేనా పాపా, ఇనపడీది?"

"అవును మావయ్యా."

బటన్ నొక్కాడు. రాకేష్ గొంతు, నిన్న ఎర్రయ్యకి చెప్పిన మాటే, అదే మర్యాదతో ఆయనకీ చెప్పింది. ఇంట్లో ఎవరూ లేరు. బీప్ మోగింది. మావయ్య తువ్వాలు భుజం మీద సర్దుకుని, చెవి దగ్గర వంగినట్టు ఆ డబ్బా దగ్గరికి వంగాడు.

"నూకరాజూ..."

ఎక్కడ దాచుకున్నాడో ఆ గొంతు. నా చిన్నప్పుడు విన్న గొంతు అది, మా క్వార్టర్ల వరసంతా లేపిన గొంతు. పక్కింటావిడ తలుపు తీసి చూసింది. మావయ్య ఆగాడు, కాల్ ఇచ్చాక గుమ్మంలోకి మనిషి వస్తాడని ఆగినట్టే. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ ఆగాడు. మూడోసారి పిలిచేటప్పటికి ఆ గొంతు చీలిపోయింది, అయినా పేరు మాత్రం పూర్తిగా పలికాడు.

తర్వాత గేటు పక్కన ఎండలో, కాలే గట్టు మీద కూర్చున్నాడు. నేను భుజం పట్టుకుని లేపబోతే నా చెయ్యి మెల్లగా తీసేశాడు. నేను ఏడుస్తున్నాను. ఆయన ఏడవలేదు.

డబ్బా చిన్నగా టిక్కుమంది. ఈసారి రికార్డు కాదు, నిజంగా రాకేషే.

"నాన్నా, ధూప్ మే ఎందుకు కూర్చున్నారు? అందర్ జాయియే. దీదీ, నాన్నని లోపలికి తీసుకెళ్ళండి, ప్లీజ్."

మావయ్య తలెత్తి ఆ నల్లటి కన్ను వైపు చూశాడు.

"ఎవర్ని పొమ్మంతన్నావురా లోపలికి? ఇంట్లో ఎవరూ లేరని ఇప్పుడే సెప్పావు కదా."

డబ్బాలోంచి ఫోన్ కట్ చేసిన చప్పుడు రాలేదు. నేను గేటు తీసి పట్టుకున్నాను. "మావయ్యా, అప్పలకొండ మావయ్యా, పద," అని పిలిచాను.

ఆయన ఆ కన్ను వైపే చూస్తూ కూర్చున్నాడు. లేవలేదు.